మెట్ల బరువుకూ లెక్క ఉండాలి

వ్యవసాయ మార్కెట్ యార్డులో హమాలీ కూలి బస్తా లెక్కన ఉంటుంది. దింపడానికి ఇంత, కాటా వేయడానికి ఇంత, లారీకి ఎత్తడానికి ఇంత అని ముందే ఖరారవుతుంది. రైతుకు, వ్యాపారికి, హమాలీకి ముగ్గురికీ ఆ లెక్క తెలుసు. సైబర్ టవర్స్ 1998లో మొదలైన నాటి నుంచి సెకన్లను, క్లిక్కులను లెక్కపెట్టి బతుకుతున్న హైటెక్ సిటీలో మాత్రం ఒక మనిషి వంద కిలోల వస్తువును ఏ అంతస్తుకు మోశాడో లెక్కించే పద్ధతి డెలివరీల్లో కనిపించదు. ఆన్‌లైన్‌లో ఫ్రిజ్ కొన్నప్పుడు పిన్‌కోడ్ అడుగుతారు, ల్యాండ్‌మార్క్ అడుగుతారు. లిఫ్ట్ ఉందా, ఎన్ని మెట్లు ఎక్కాలి అని అడిగేది తక్కువ. ఆ ప్రశ్న తప్పనిసరి కావాలి, దాని జవాబును బట్టి కూలి, మనుషుల సంఖ్య మారాలి.

అలాంటి బరువైన వస్తువుల్లో సిరామిక్ గ్రిల్‌నే తీసుకుందాం. దానికి మూలమైన జపాన్ మట్టి పొయ్యి కమాడో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైనికుల వెంట వాళ్ల దేశం చేరింది. 1974లో అట్లాంటాలో పుట్టిన బిగ్ గ్రీన్ ఎగ్ కంపెనీ దానికి పేరు తెచ్చింది. మందపాటి సిరామిక్ గోడలు గంటల తరబడి వేడిని నిలుపుతాయి. రుచికి కారణమైన ఆ గోడలే బరువుకూ కారణం. ఆ కంపెనీ గ్రిల్ లార్జ్ సైజు దాదాపు 73 కిలోలు, ఎక్స్‌ఎల్ దాదాపు 100 కిలోలు. గుండ్రంగా, నున్నగా ఉండే ఆ పొయ్యిని పట్టుకోవడానికి సరైన ఆధారం దొరకదు, జారితే పగులుతుంది. మెట్ల మీద ఇద్దరు మోస్తున్నా బరువు సగం సగం పడదు, కింది మెట్టు మీదున్నవాడి మీదే ఎక్కువ పడుతుంది. మలుపు దగ్గర అతను నడుము తిప్పాల్సి వస్తుంది. వెన్నుకు చాలా చేటు చేసేది అదే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ లెక్క ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తాల్సిన బరువు 23 కిలోలు దాటకూడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 సిఫార్సు ఇంత కఠినం కాదు, వయోజన పురుషుడికి గరిష్ఠంగా 55 కిలోలు అంటుంది. గ్రిల్ సంగతి అటుంచి, మనింటికి వచ్చే నిండు గ్యాస్ సిలిండరే 14.2 కిలోల గ్యాస్‌తో, ఇనుముతో కలిపి 30 కిలోల దగ్గర తూగుతుంది.

హైటెక్ సిటీ చుట్టుపక్కల మెట్ల బాధ రెండు రకాలు. మాదాపూర్, అంజయ్యనగర్, సిద్ధిఖ్‌నగర్ సందుల్లో చిన్న చిన్న జాగాల్లో నాలుగైదు అంతస్తులు లేపారు. 2024 నవంబరులో సిద్ధిఖ్‌నగర్‌లో పక్కకు ఒరిగి, చివరికి కూల్చేయాల్సి వచ్చిన భవనం అలాంటిదే. ఇద్దరు ఎదురైతే ఒకరు ఆగాల్సిన ఆ మెట్ల మీద మంచాలు, వాషింగ్ మెషిన్లు, నీళ్ల క్యాన్లు మనుషుల భుజాల మీదే వెళ్తాయి. రెండో రకం ఇంతకంటే బాధాకరం. అక్కడ లిఫ్ట్ ఉంటుంది, ఎక్కనివ్వరు. పనిమనుషులు, డెలివరీ వాళ్లు మెయిన్ లిఫ్ట్ ఎక్కితే వెయ్యి రూపాయల జరిమానా అని హైదరాబాద్‌లో ఓ సొసైటీ పెట్టిన నోటీసు 2023లో సామాజిక మాధ్యమాల్లో తిరిగింది. సర్వీస్ లిఫ్ట్ చెడిపోయిన రోజు అలాంటి నోటీసు ఒక మనిషి మోకాళ్ల మీద పడుతుంది.

బరువుకు లిఫ్ట్ పాడవుతుందని అసోసియేషన్లు అంటాయి. మన దగ్గర లిఫ్టులకు మనిషికి 68 కిలోల చొప్పున లెక్క కడతారు, ఆరుగురి లిఫ్ట్ సామర్థ్యం 408 కిలోలు. వంద కిలోల గ్రిల్, మోసే ఇద్దరు కలిసినా 240 కిలోలు మించరు. గోడలకు గీతలు పడతాయన్న భయానికి మందపాటి దుప్పట్లు కడితే సరిపోతుంది. మరికొందరు హమాలీలకు అలవాటే కదా అంటారు. అలవాటు వల్ల కండ గట్టిపడుతుంది గానీ వెన్నుపూసల మధ్య డిస్కు అరుగుదల ఆగదు. డబ్బు తీసుకుంటున్నారుగా అన్న వాదనలో కొంత బలం ఉంది. కానీ ఆ డబ్బు డెలివరీకి ఇంత అని ముందే కంపెనీ కట్టిన ధరై, గ్రౌండ్ ఫ్లోర్‌కైనా అయిదో అంతస్తుకైనా అదే అయితే మెట్ల కష్టానికి దక్కింది సున్నా. రేటు పెంచితే కొనేవాడు జడుస్తాడన్న భయానికి ఇళ్లు మార్చే ప్యాకర్సే జవాబు. వాళ్లు ఫోన్‌లో ముందుగా అడిగేవి ఏ అంతస్తు, లిఫ్ట్ ఉందా అనే. దాన్నిబట్టే రేటు చెబుతారు, జనం ఇస్తూనే ఉన్నారు.

చట్టం ఆలోచన మనకు కొత్త కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ గాయపరిచేంత బరువు మోయించకూడదంది, అయితే అది ఫ్యాక్టరీ గేటు లోపలికే పరిమితమైంది. మహారాష్ట్ర 1969లో, ఆ తర్వాత కేరళ హమాలీలకు ప్రత్యేక చట్టాలు తెచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం చట్టం చేసింది. మార్కెట్ యార్డు హమాలీకి ఉండాల్సిన రక్షణ కొండాపూర్ మెట్ల మీద గ్రిల్ మోసేవాడికీ ఉండాలి. తెలంగాణ కార్మిక శాఖ అంతస్తు చార్జీని, 55 కిలోలు దాటితే ఇద్దరికి తక్కువ కాకుండా మనుషులను తప్పనిసరి చేయాలి. అసోసియేషన్లు బరువు మోసేవాళ్లకు ఏ లిఫ్ట్ పనిచేస్తుంటే ఆ లిఫ్ట్ ఇవ్వాలి. అంతవరకు ఆగనక్కర్లేదు. బరువైన వస్తువు కొనేటప్పుడు మీ అంతస్తు, లిఫ్ట్ సంగతి షాపులో ముందే చెప్పండి, ఎంతమంది వస్తారో అడగండి, మెట్ల కూలి వాళ్ల చేతికే ఇవ్వండి.