కరెంటు బిల్లులో దాక్కున్న నీళ్ల బిల్లు

చిలమత్తూరులో నీళ్ల బిల్లు అనగానే గుర్తొచ్చేది పంచాయతీకి కట్టే కొళాయి పన్ను. నాలుగు బిందెలు పట్టినా నలభై బిందెలు పట్టినా అదే మొత్తం. అందుకే ‘నీళ్లు ఆదా చేయండి, బిల్లు తగ్గించుకోండి’ అని నగరాల్లో చెప్పే సలహా ఇక్కడ అక్కరకు రాదు. ఎంత జాగ్రత్తగా వాడుకున్నా ఆ పన్ను పైసా తగ్గదు. అయితే ఆ రశీదును పక్కనపెట్టి ఇంటి ఖర్చంతా ఒకసారి తిరగేస్తే నీళ్ల బిల్లు వేరే చోట్ల బయటపడుతుంది. కొంత బోరు మోటరు కాల్చే కరెంటులో ఉంటుంది. కొంత తాగునీటి క్యానుల లెక్కలో, ఇంకొంత ఏప్రిల్, మే నెలల్లో పిలిపించుకునే ట్యాంకరులో ఉంటుంది. బోరు ఎండిపోయి మళ్లీ వేయించుకున్నవాళ్లకైతే వడ్డీ రూపంలో ఉంటుంది. ఇవన్నీ వేర్వేరు రోజుల్లో వేర్వేరు చేతులకు పోతాయి కాబట్టి ఎవరూ ఒకచోట కూడి చూడరు. ఈ చెదిరిన బిల్లును ముందు ఒక కాగితం మీదికి తెస్తే తప్ప, ఏ పొదుపు డబ్బు మిగులుస్తుందో ఏది ఒట్టి ఉపన్యాసమో తేలదు.

అంతకుముందు ఈ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడాలి. చిలమత్తూరు ఉన్న ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లా విడిగా ఏర్పడింది కానీ మబ్బులకు ఆ సంగతి తెలియదు. చిత్రావతి కర్ణాటకలో చిక్కబళ్లాపురం వైపు పుట్టి, బాగేపల్లి మీదుగా ఇటు వస్తుంది. ఎగువన చెరువులు, ఆనకట్టలు నిండాక మిగిలిందే మనది. అలాగని ఎప్పుడూ ఎండి ఉంటుందనీ చెప్పలేం. 2021 నవంబరులో అదే నది పొంగి, చెన్నేకొత్తపల్లి మండలంలో వరదలో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టరుతో బయటికి తీసుకురావలసి వచ్చింది. వస్తే ఒక్కసారిగా వస్తుంది, లేకపోతే ఏళ్ల తరబడి ఇసుకే. మధ్యలో బతుకంతా బోరు మీదే.

బయటినుంచి తెచ్చే నీళ్ల కథ ఇంకోటి. 1995-96లో సత్యసాయి బాబా ట్రస్టు చేపట్టిన తాగునీటి పథకం ఉమ్మడి జిల్లాలో 700కు పైగా గ్రామాలకు చేరింది. పెన్నహోబిలం జలాశయం నుంచి శ్రీరామరెడ్డి పథకం హిందూపురం వైపు వచ్చింది. ఆ తర్వాత హంద్రీ-నీవా కాలువ కృష్ణా జలాలను శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసి గొల్లపల్లి జలాశయం దాకా తెచ్చింది. అక్కడినుంచి హిందూపురానికి పైపులైను పడింది. ఈ కృష్ణా నీటి అసలు ధర ఎంతో చిన్న లెక్కతో ఊహించవచ్చు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. హిందూపురం సముద్రమట్టానికి దాదాపు 2,000 అడుగుల ఎత్తున ఉంది. అంటే వెయ్యి లీటర్లను ఇంకో 1,100 అడుగులు పైకి మోయాలి. భౌతికశాస్త్రం ప్రకారం కనీసం యూనిట్‌కు కాస్త తక్కువ కరెంటు కావాలి. పంపుల నష్టం, దారి పొడవునా పైపుల రాపిడి కలిపితే యూనిట్ దాటుతుంది. ఆవిరై, ఇంకిపోయి దారిలోనే మాయమయ్యే నీళ్ల ఖర్చు దీనికి అదనం. వీధి కొళాయి తల విరిగి మోరీలోకి పారుతున్న నీళ్లలో ఇంత కరెంటు కరిగి ఉందని కొళాయి పన్ను రశీదు చెప్పదు.

ఇంటి బోరు సంగతీ ఇంతే, కాకపోతే ఈ బిల్లు మన పేరు మీదే వస్తుంది. నీళ్లు వెయ్యి అడుగుల లోతునుంచి వస్తున్నాయనుకుందాం. వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు లేపడానికి సిద్ధాంతరీత్యా 0.8 యూనిట్ చాలు. కానీ ఇళ్లలో వాడే సబ్‌మెర్సిబుల్ మోటర్ల సామర్థ్యం 40 శాతం అనుకుంటే రెండు యూనిట్లు పడుతుంది. రోజుకు 500 లీటర్లు వాడే ఇంటికి నెలకు 15 వేల లీటర్లు, అంటే 30 యూనిట్లు. ఇక్కడే చాలామంది పొరబడే చోటుంది. కరెంటు ధర శ్లాబుల్లో పెరుగుతుంది. రాష్ట్రంలో 2022లో ఖరారైన గృహ టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75. నెలకు 240 యూనిట్లు కాల్చే ఇల్లు నీటి వాడకం మూడో వంతు తగ్గించి 10 యూనిట్లు మిగిలిస్తే, ఆ 10 యూనిట్లూ పై శ్లాబులోనివే. అంటే నెలకు 87.50 రూపాయలు, ఏడాదికి వెయ్యి దాటుతుంది. యూనిట్ లెక్కన పడే ఇంధన సర్దుబాటు చార్జీలూ ఆ మేరకు తగ్గుతాయి. వెయ్యి రూపాయలు పెద్ద మొత్తమేమీ కాదనేవాళ్లుంటారు. నిజమే. కానీ మోటరు రోజూ కొంతసేపు తక్కువ తిరిగితే వైండింగ్ కాలే అవకాశం, మోటరు పైకి తీసి మరమ్మతు చేయించే ఖర్చు కూడా తగ్గుతాయి. ఆ పని చేయించుకున్నవాళ్లను అడిగితే వెయ్యి రూపాయల మాటే ఎత్తరు.

ఇంతకీ ఇంట్లో నీళ్లు ఎక్కడ పోతున్నాయి? గ్రామీణ ఇళ్లకు మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లక్ష్యం. నలుగురున్న ఇంటికి 220 లీటర్లు. మరోవైపు పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారి లాగితే 10 లీటర్లు పోతాయి. నలుగురూ తలా ఐదుసార్లు లాగితే 200 లీటర్లు. ప్రభుత్వం కుటుంబానికి ఇవ్వదలచిన నీళ్లన్నీ దాదాపు మరుగుదొడ్డికే చెల్లిపోతాయి! మూడు, ఆరు లీటర్ల రెండు మీటలున్న ట్యాంకు పెడితే ఇది 70-80 లీటర్లకు దిగుతుంది. ట్యాంకు మార్చడం ఇప్పట్లో కుదరకపోతే లీటరు సీసాలో నీళ్లు నింపి మూత బిగించి లోపల పడుకోబెడితే, లాగిన ప్రతిసారీ లీటరు మిగులుతుంది. ఆ మాటకొస్తే చెంబుతో పోసుకునే పాత పద్ధతే అన్నిటికన్నా చవక. సౌకర్యం పేరుతో మనం కొనుక్కున్నవాటిలో ఎక్కువ నీళ్లు తాగేది ఈ ఫ్లష్ ట్యాంకే.

అదే ట్యాంకు చప్పుడు లేకుండా కారుతుంటే కనిపెట్టడం కష్టం. బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు రాత్రి పడుకునే ముందు ట్యాంకులో వేసి, ఎవరూ లాగకుండా ఉంచి, కాసేపటికి కింద చూడాలి. నీలం దిగివస్తే అడుగున రబ్బరు వాషరు పోయినట్టే. కొళాయి కారుతుంటే దానికింద గ్లాసు పెట్టి చూస్తే చాలు. పావుగంటలో గ్లాసు నిండిందంటే రోజుకు దాదాపు 20 లీటర్లు, సరిగ్గా ఒక క్యాను. వాషరు ధరకు టీ కూడా రాదు; దాన్ని మార్చే మనిషి దొరకడమే పెద్ద పని. మండల కేంద్రంలో నలుగురు యువకులకు ప్లంబింగ్ నేర్పించడం పొదుపు నినాదాల గోడరాతలకన్నా ఎక్కువ నీళ్లు మిగులుస్తుందని నా నమ్మకం. మిద్దెమీది ట్యాంకు నిండి పొర్లడం మరో నష్టం. నీటిమట్టం చూసి మోటరును ఆపే స్విచ్చి కొన్ని నెలల్లోనే తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. గాలి కలిపి ధారను పలచన చేసే ఏరేటర్ జాలీని వంటింటి కొళాయికి బిగిస్తే గిన్నెలు తోమేటప్పుడు తేడా తెలుస్తుంది. బిందె నింపుకునే కొళాయికి మాత్రం అది పెట్టకూడదు. బిందెడు నీళ్లు ఎలాగూ కావాలి, ఆలస్యమొక్కటే మిగులుతుంది.

క్యానుల సంగతి అంత తేలిక కాదు. ఈ జిల్లా లోతు బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రమాణం. మించిన చోట పళ్లు గారపట్టడం, ఎముకలు వంగడం కళ్లారా చూసిన తరం ఇంకా ఉంది. కాబట్టి క్యాను మానేసి బోరు నీళ్లే తాగండని చెప్పడం పొదుపు కాదు, పాపం. అయితే తాగడానికీ వండడానికీ మాత్రమే శుద్ధజలం, మిగతా అన్నిటికీ మామూలు నీళ్లు అన్న గీత ఇంట్లో గట్టిగా ఉండాలి. ఇంట్లో ఆర్వో యంత్రం పెట్టుకున్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. మామూలు యంత్రం లీటరు మంచినీళ్లకు రెండు, మూడు లీటర్లు బయటికి వదులుతుంది. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకన్నా తక్కువున్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలనీ, వాడే చోట కనీసం 60 శాతం నీళ్లు తిరిగి రాబట్టాలనీ 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. వదిలే నీళ్లను బకెట్టులో పట్టి నేల తుడవడానికో మరుగుదొడ్డికో వాడుకోవచ్చు. పశువులకు పెట్టకూడదు, ఉప్పూ ఫ్లోరైడూ చిక్కబడేది ఆ నీళ్లలోనే. ఇళ్లకన్నా ముందు అడగాల్సింది క్యానులు నింపే ప్లాంట్లను. రోజంతా మోరీలోకి పోయే ఆ నీటికి లెక్క ఎవరు చెబుతారు?

ఇళ్లను ఇంత తరచి చూశాక పంచాయతీని వదిలేయడం న్యాయం కాదు. జనం నీళ్లు పారబోస్తారు, బాధ్యత లేదు అని అధికారులు అంటుంటారు. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని చోట జనం ఏం చేస్తారో చూడండి. ఉన్న డ్రమ్ములన్నీ నింపుతారు. మళ్లీ కొళాయి రాగానే నిన్నమొన్నటి నీళ్లు పాతబడ్డాయని వాకిట్లో కుమ్మరించి కొత్తవి పడతారు. రాత్రి వస్తుందేమోనని కొళాయి తెరిచే పడుకుంటారు. ఒత్తిడి లేదని కొందరు పైపుకే మోటరు తగిలిస్తారు, దాంతో వీధి చివరి ఇంటికి గాలే మిగులుతుంది. ఇది బాధ్యతారాహిత్యం కాదు, నమ్మకం లేకపోవడం. రోజు విడిచి రోజైనా సరే, చెప్పిన గంటకు కచ్చితంగా నీళ్లు వదిలే ఊరు, రోజూ వేళాపాళా లేకుండా వదిలే ఊరికన్నా తక్కువ నీళ్లతో గడుపుకోగలదు. వాటర్‌మ్యాన్ ఫోనులో ఒక వీధివారీ సందేశం పెట్టడానికి నిధులు అక్కర్లేదు. శ్రీరామరెడ్డి పథకం కార్మికులు జీతాల బకాయిల కోసం సమ్మెకు దిగిన ప్రతిసారీ నీళ్లు ఆగుతాయి. ఆ జీతాలు వేళకు ఇవ్వడం కూడా నీటి పొదుపు పథకమే.

మీటర్ల మాట ఎత్తితే ఊళ్లో గొడవవుతుందని నాయకులకు భయం. కానీ మీటరు అంటే బాదుడే కానక్కర్లేదు. హైదరాబాద్‌లో 2021 జనవరిలో నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచితమన్నారు, అయితే ఇళ్లకు పనిచేసే మీటరు ఉండాలన్నారు. ఉచితం పేరుతో కొలత వచ్చింది. మన పిల్లలు ఉద్యోగాలకు పోయే బెంగళూరు దారి వేరు. దాదాపు వంద కిలోమీటర్ల దూరంనుంచి కావేరిని ఎత్తి తెచ్చుకునే ఆ నగరం శ్లాబుల్లో వసూలు చేస్తుంది. 2024 మార్చిలో బోర్లు చేతులెత్తేసినప్పుడు తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా వేసింది. కష్టం ముంచుకొచ్చాక వేసే జరిమానాకన్నా, ముందే కొలిచి అవసరమైన మేరకు ఉచితంగా ఇచ్చే పద్ధతే చిలమత్తూరు లాంటి ఊళ్లకు నప్పుతుంది. ఇంటింటికీ కాకపోయినా ముందు వీధికొక మీటరు పెట్టినా చాలు, ఏ వీధి పైపు కారుతోందో తెలుస్తుంది. గ్రామసభలో పంపుల కరెంటు బిల్లు ఎంతొచ్చిందో చదివి వినిపించడం ఇంకా సులువు.

ఒక్క విషయంలో మాత్రం నిజాయితీగా ఉండాలి. ఇళ్లలో ఎంత పొదుపు చేసినా భూగర్భ జలమట్టం లేచిరాదు. ఒక పంటకు ఎకరా వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పట్టాయనుకుంటే అది దాదాపు 48 లక్షల లీటర్లు. రోజుకు 500 లీటర్లు వాడే ఇల్లు ఏడాదంతా వాడేది 1.8 లక్షలే. ఒక్క ఎకరా 26 ఇళ్ల ఏడాది వాడకానికి సమానం. బోరు కింద వరి వేయకుండా మల్బరీకి బిందు సేద్యం పెట్టుకున్న రైతు, ఇళ్లలో మనం చేసే సూక్ష్మమైన పనులన్నిటికన్నా పెద్ద పని చేస్తున్నట్టు. కొత్త బోరుకు అనుమతి కావాలన్న 2002 నాటి వాల్టా చట్టాన్ని అమలు చేయకుండా ఆడవాళ్లకు గిన్నెలు తోమే పద్ధతి మీద పాఠాలు చెప్పడం మన యంత్రాంగానికి అలవాటైపోయింది. ఇంటి పొదుపు ఇంటి జేబు కోసం, వేసవిలో ట్యాంకరు తప్పించుకోవడం కోసం. అంతకుమించిన బరువు దాని నెత్తిన పెట్టకూడదు.

ఆ ట్యాంకరును తప్పించే ఉపాయం మిద్దె మీదే ఉంది. 600 చదరపు అడుగుల మిద్దెపై 550 మిల్లీమీటర్ల వాన పడితే, ఐదో వంతు పోయిందనుకున్నా దాదాపు 24 వేల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఐదుకు కాస్త తక్కువ. తొలి వాన మిద్దెమీది దుమ్మును కడిగి పోనిచ్చి, తర్వాతి నీళ్లను గుడ్డ లేదా ఇసుక వడపోత గుండా సంపులోకి మళ్లించాలి. సంపు నిండాక మిగిలింది బోరు పక్కన తవ్విన ఇంకుడు గుంతలోకి పోవాలి. మురికి నీళ్లను నేరుగా బోరు గొట్టంలోకి వదలడం మాత్రం ఎవరు చెప్పినా వినకూడదు. ఇక్కడ ఎక్కువ వానలు పడేవి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. పైపుల పని ఆగస్టు దాటకముందే పూర్తికావాలి.