పాత పటంలోని చెరువు ఇప్పుడెక్కడ?

డ్రోను ఈరోజు నేల మీద ఉన్నదాన్నే చూస్తుంది. పాతికేళ్ల కిందట పూడ్చేసిన బంద దానికి కనబడదు. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేలో గొడవంతా సొంత కమతాల హద్దుల చుట్టూనే తిరిగింది. ఊరుమ్మడి చెరువు, గెడ్డ, కాలువ హద్దుల గురించి అడిగే నాథుడు తక్కువ.

ఆ లెక్క తేల్చడానికి పనికొచ్చే కాగితం ఒకటుంది. సర్వే ఆఫ్ ఇండియా మైలుకు అంగుళం చొప్పున గీసిన పాత టోపో షీట్లు. విశాఖ పరిసరాలు 65 ఓ నంబరు షీట్లలో వస్తాయి. సాగుభూమికి పసుపు, ఊళ్లకు ఎరుపు, అడవికి ఆకుపచ్చ, నీటికి నీలం రంగు వేస్తారు. చెరువు గట్టు ఎత్తునూ అంకెతో చూపుతారు. ఒక్క జాగ్రత్త: ఏడాదిలో కొన్నాళ్లే పారే గెడ్డకు నల్లగీత ఉంటుంది. నీలం లేదు కాబట్టి నీరే లేదని ఎవరైనా వాదిస్తే ఒప్పుకోవద్దు. మన గెడ్డలు చాలావరకు అలాంటివే. 1950ల్లో అమెరికా సైన్యం అచ్చువేసిన పటాలు ఇంటర్నెట్‌లో సులువుగా దొరుకుతాయి గానీ, వాటిలో సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు. చిన్న చెరువు చుక్క కూడా కాదు.

1933లో ప్రారంభమైన ఓడరేవు మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసేచోట ఉన్న చిత్తడి నేలను తవ్వి కట్టినది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. దానికోసం ఊళ్లకు ఊళ్లే లేచాయి, వాటి చెరువులూ పోయాయి. ఇప్పుడు మేఘాద్రిగెడ్డ నీరు నగరానికే. దేవరాపల్లి దగ్గర శారదా నదిపై కట్టిన రైవాడ నీటిలోనూ నగరానికి వాటా ఉంది. ఆ నీరంతా సాగుకే ఇవ్వాలని ఆయకట్టు రైతులు ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. నగరం ఎదగొద్దని మేమనం. దూరపు జలాశయం నీరు తోడుకుంటూ, దగ్గరి చెరువును ప్లాట్లు చేయడమేమిటన్నదే మా ప్రశ్న.

టోపో షీటులో సర్వే నంబర్లుండవు. అది హక్కుపత్రం కాదు. గ్రామ నక్షా, ఎఫ్‌ఎంబీ, పాత అడంగల్‌తో కలిపి చూపితేనే దానికి బలం. చట్టం మన పక్షానే ఉంది: 2002 నాటి వాల్టా చట్టం ఉంది, గ్రామ ఉమ్మడి చెరువుల ఆక్రమణలు తొలగించాలని జగ్‌పాల్ సింగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పూ ఉంది.

ప్రతి గ్రామ కమిటీ తమ ప్రాంతపు షీటు సంపాదించాలి. కొత్తవి సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో ఉన్నాయి. పాత ముద్రణల కోసం విశ్వవిద్యాలయాల భూగోళ శాఖల్లో, గ్రంథాలయాల్లో వాకబు చేయాలి. డెబ్భై దాటిన పెద్దలను వెంటబెట్టుకుని ఆయకట్టంతా నడవండి. మదుము ఎక్కడుండేది, కళింగ ఎటు పొర్లేది వాళ్ల చేతనే పటం మీద గుర్తు పెట్టించండి. ఆ నకలుతో తహశీల్దారుకు అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి.