ఓవెన్ తోమే చేతికి వేరే గ్లాసా?

పెద్దిళ్లల్లోకి ఓవెన్లొచ్చినయి. కేకు తినేది వాళ్లు, మాడిన జిడ్డు గీకేది మన అక్కచెల్లెళ్లు. గంటలో తళతళలాడాలని కాస్టిక్ సోడా కలిసిన మందు చేతికిస్తరు. అది మాడిన కొవ్వును సబ్బుగా మార్చి ఊడదీస్తుంది. చేతి చర్మాన్నీ అట్లనే తింటుంది. అల్యూమినియం గిన్నెకు తగిలితే పాడయితదని హెచ్చరించే అమ్మగారికి మన చెయ్యి కాలితే పట్టదు! వంటసోడా ముద్దగా కలిపి పూసి, రాత్రంతా ఉంచితే పొద్దునకు జిడ్డు మెత్తబడుతుంది. ఆ ఒక్క రాత్రి ఆగలేరా?

ఇంత తోమినంక చాయ్ మాత్రం వేరే గ్లాసులో! 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. ఎన్నో వంటిళ్లల్లో అది ఇంకా మసిలా అంటుకునే ఉంది.

కాస్టిక్ పట్టించాలంటే రబ్బరు గ్లౌజులివ్వాలి. జిడ్డు నానే గడువివ్వాలి. అన్నిటికంటే ముందు ఆ వేరే గ్లాసు తీసి పారెయ్యాలి.