జామీను మనిషి

బాడుగ ఇల్లు చూడ్డానికి పోయేటప్పుడు వెంట ఎవర్ని తీసుకుపోవాలి? చాలామందికి ఇది ప్రశ్నే కాదు. భార్య వచ్చి వంటగది చూస్తుంది. తల్లి వచ్చి నీళ్ళు ఎన్ని గంటలకొస్తాయో అడుగుతుంది. మాకు మాత్రం ఇదొక మర్యాదల శాస్త్రం. అమ్మీ రాకూడదు, బుర్ఖా ఉంది. అబ్బా రాకూడదు, గడ్డం ఉంది. రావాల్సింది ఒక హిందూ స్నేహితుడు. అతను ముందు నడవాలి, మేం వెనక. ఆ ఇంట్లో బతకాల్సినవాళ్ళు రాకూడదు, బతకనివాడు వచ్చి ఇల్లు చూసిపెట్టాలి!

జూపాడు బంగ్లా లాంటి ఊళ్ళో పెరిగిన పిల్లలకు ఇది మొదట అర్థం కాదు. ఊళ్ళో మామా, అన్నా, చిన్నాయనా అని పిలుచుకుంటాం. ఫలానా వాళ్ళ కొడుకునంటే చాలు. చదువుకో నౌకరీకో నంద్యాలకో, కర్నూలుకో, హైదరాబాదుకో పోయాకే పేరు అడ్డమొస్తుంది. ఫోన్లో ఖాళీగా ఉన్న ఇల్లు పేరు చెప్పగానే నిండిపోతుంది. 'మాకేం పట్టింపు లేదు, పక్క పోర్షనోళ్ళు ఒప్పుకోరు' అంటారు. 'నీసు తినేవాళ్ళకియ్యం' అంటారు. ఆదివారం పొద్దున చికెన్ అంగడి ముందు వరసలో అందరూ మావాళ్ళేనా?

అప్పుడు మా స్నేహితుడు నోరు విప్పుతాడు: 'ఈయన అట్లాంటోడు కాదు సార్, నాదీ పూచీ.' ఎట్లాంటోడు కాదు? ఆ ఒక్క మాటతో ఒకడికి ఇల్లు దొరుకుతుంది, మిగతా అందరిమీదా నేరం ఖాయమవుతుంది. సెక్యులర్ మిత్రులారా, మీ మంచితనాన్ని శంకించడం లేదు. కానీ జామీను నిందితుడికిస్తారు. మేం ఏ కేసులో నిందితులం?

ఇది మా భ్రమ కాదు. ముస్లింలకు కోరుకున్న చోట ఇల్లు కొనడానికీ బాడుగకు తీసుకోవడానికీ పేరే అడ్డమవుతోందని 2006లో సచార్ కమిటీ రాసింది. రాజ్యాంగం 15వ అధికరణం అంగళ్ళలో, హోటళ్ళలో, బావుల దగ్గర, చెరువుల దగ్గర వివక్ష వద్దంది. బాడుగ ఇంటి పేరు ఆ జాబితాలో లేదు. 2005లో ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమవాళ్ళకే అనే నియమాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. అమెరికాలో 1968 నుంచీ, కొద్ది మినహాయింపులు పోను, మతం చూసి ఇల్లు లేదనడం చట్టవిరుద్ధం. డల్లాస్‌లో, న్యూజెర్సీలో మన తెలుగు పిల్లలు ఆ చట్టం నీడనే బాడుగకుంటున్నారు. అక్కడ కొడుక్కి పనికొచ్చిన న్యాయం ఇక్కడ తండ్రి టులెట్ బోర్డుకు ఎందుకు పనికిరాదు?

కాబట్టి వెంట వచ్చేవాళ్ళకు కొత్త మర్యాద చెబుతున్నాం. రండి, కానీ ముందు నడవకండి. మా పేరు మమ్మల్ని చెప్పుకోనివ్వండి. మాకు మంచివాళ్ళమనే సర్టిఫికెట్టు ఇవ్వకండి. ఇల్లు లేదంటే 'ఎందుకు లేదు?' అని గట్టిగా అడగండి, ఆ అడగడమే స్నేహం. తర్వాత మీ ఇంటికి పోయి, మీ మేడమీది పోర్షన్ ఇన్నేళ్ళలో ఎవరెవరికిచ్చారో లెక్క చూసుకోండి.

చివరగా ఒక మాట. 'ఖాళీ' అరబ్బీ నుంచి వచ్చింది. 'జామీను' కూడా అంతే. మమ్మల్ని పొమ్మనడానిక్కూడా మీకు ఆ మాటలే కావాల్సివచ్చాయి. అవి వందల ఏళ్ళుగా మీ ఇళ్ళల్లోనే కాపురముంటున్నాయి. వాటిని ఏనాడైనా పూచీ అడిగారా?