పరదేశమున ఇల్లు: ఎవరి పేర, ఎవరి ధనముతో?

మదురలో నైనను, కోయంబత్తూరులో నైనను, బెంగుళూరు పేటలలో నైనను, బరంపురమున, షోలాపురమున నైనను మన కుటుంబములలో నేడొక క్రొత్త చర్చ వినవచ్చుచున్నది. కుమారుడో కుమార్తెయో పరదేశమున ఉద్యోగము చేయుచు అచ్చట ఇల్లు కొన సంకల్పింతురు. మొదటి చెల్లింపునకు సొమ్ము చాలదు. అంతట ఇచ్చటి తల్లిదండ్రులు పాత ఇంటినో అంగడినో అమ్మి పంపుదుమా యని ఆలోచింతురు. మఱికొందఱు ఇచ్చటనే యుండి, తమ పేరనే అచ్చట ఇల్లు కొని యుంచదలతురు. ఈ కోరికను మేము తప్పు పట్టము. నాయకరాజుల కాలమున మదుర సీమకు వచ్చినవారును, నేతపనికై షోలాపురము చేరినవారును పరాయి భాషల నడుమ ఇండ్లు కట్టుకొని నిలిచినవారే. కాని మన దేశపు చట్టము, ఆ దేశపు చట్టము, ఇంటి పెద్దల భవిష్యత్తు అను మూడింటిని విచారింపక బయానా చెల్లింపరాదని మా మనవి.

మొదట మన చట్టము. రిజర్వు బ్యాంకువారు 2004లో ఏర్పఱచిన చెల్లింపుల పథకము ననుసరించి, ఇచ్చట నివసించు ప్రతి వ్యక్తియు ఒక ఆర్థిక సంవత్సరములో 2,50,000 డాలర్ల వఱకు పరదేశమునకు పంపవచ్చును. ఆ సొమ్ముతో ఇల్లు కొనుటకు 2022 నాటి నియమములు అనుమతించుచున్నవి. భార్యాభర్తలు మొదలగు బంధువులు, తమ తమ పరిమితులకు లోబడి, సొమ్ము కలిపి కొనవచ్చును. అయితే వర్తకులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఈ సౌకర్యము వ్యక్తులకే గాని భాగస్వామ్య వ్యాపారములకు గాని, అవిభక్త కుటుంబములకు గాని లేదు. కనుక అంగడి ఖాతానుండి నేరుగా సొమ్ము పంప వీలులేదు. ఇందులకై ఇచ్చటి బ్యాంకులు అప్పును ఇయ్యరాదు.

రెండవది పన్ను. ఒక సంవత్సరములో పంపిన మొత్తము 10 లక్షల రూపాయలను మించినచో, ఆ మించిన దానిపై నూటికి 20 వంతున బ్యాంకు ముందుగనే వసూలు చేయును. 40 లక్షలు పంపువాడు మఱి 6 లక్షలు చేత నుంచుకొనవలెను. అది ఆదాయపు పన్నులో జమపడును, అధికమైనచో తిరిగి వచ్చును. కాని అంతవఱకు ఆ సొమ్ము వ్యాపారమునకు అక్కఱకు రాదు. ఇల్లు తన పేర నున్నవాడు ప్రతి సంవత్సరము పన్ను పత్రములో దానిని చూపవలెను. చూపనిచో 2015 నాటి నల్లధనపు చట్టము క్రింద 10 లక్షల జరిమానా పడవచ్చును. ఇచ్చటి ఇల్లు అమ్మిన లాభముతో మరల ఇల్లు కొన్నవారికి కలుగు పన్ను మినహాయింపు, 2014 నాటి సవరణ తరువాత, భారతదేశములో కొన్న ఇంటికే వర్తించుచున్నది. ఇచ్చట అమ్మి అచ్చట కొనువారు ఈ నష్టమునుగూడ లెక్క వేసికొనవలెను.

ఇక ఆయా దేశముల కట్టుబాట్లు. సింగపూరులో 2023 ఏప్రిల్ 27 మొదలు పరదేశీయుడు ఇల్లు కొన్నచో, మామూలు సుంకముగాక, వెలలో నూటికి 60 వంతులు అదనపు సుంకము విధింపబడినది. కెనడా 2023 జనవరి 1 మొదలు పరదేశీయులు నివాసగృహములు కొనుటను నిషేధించి, 2024లో ఆ గడువును 2027 జనవరి 1 వఱకు పొడిగించినది. ఉద్యోగానుమతి గలవారికి కొన్ని షరతులతో సడలింపు కలదు. ఆస్ట్రేలియా ప్రభుత్వము 2025 ఏప్రిల్ 1 మొదలు 2027 మార్చి 31 వఱకు, ఇదివఱకే కట్టియున్న ఇండ్లను పరదేశీయులు కొనరాదని శాసించినది. ఇంగ్లండులో 2021 ఏప్రిల్ మొదలు ప్రవాసులకు నూటికి 2 వంతుల సుంకము అధికము. దుబాయిలో పరదేశీయులకు సంపూర్ణ హక్కు నిర్ణయింపబడిన ప్రాంతములందే కలదు. ఒక దేశమున బంధువు కొన్నాడని వేఱొక దేశమున మనము కొనగలమని తలచుట పొరపాటు.

అన్నింటికంటె మఱువబడునది మరణానంతర విషయము. అమెరికాలో ఇల్లు కొనుటకు దేశ మంతటికి వర్తించు నిషేధము మనవారికి లేదు. కాని అచ్చటి పౌరుడుగాని నివాసిగాని కాని తండ్రి పేర ఇల్లుండి, ఆయన గతించినచో, 60,000 డాలర్లకు మించిన విలువపై వారసత్వపు పన్ను నూటికి 40 వంతుల వఱకు పడగలదు. ఈ పన్ను విషయమై మన దేశమునకును ఆ దేశమునకును ఒప్పందము లేదు. జీవించియుండగా అమ్మినను, కొనువాడు వెలలో నూటికి 15 వంతులు పన్నుక్రింద పట్టియుంచుట సామాన్య నియమము. కొడుకునకు చెందవలెనని తండ్రి పేర కొన్న ఇల్లు ఆ కొడుకునకే భారమగుట ఇట్లు సంభవించును. ఏ దేశమున ఆస్తి యున్నదో ఆ దేశపు చట్టమునకు చెల్లు వీలునామా వ్రాయుట తప్పనిసరి యని గ్రహింపవలెను.

కావున మా అభిప్రాయ మిది. బిడ్డ అచ్చట స్థిరపడినచో, ఇల్లు బిడ్డ పేరనే, బిడ్డ సంపాదనమీదనే, అచ్చటి బ్యాంకు అప్పుతో కొనుట మేలు. పెద్దలు మిగులు ధనమునుండి సాయపడవచ్చును. అది దానమో, బదులో, ఎంత మొత్తమో కాగితముమీద నుండవలెను. ఇచ్చట మిగిలిన తోబుట్టువులకు ఆ సంగతి ముందే తెలియవలెను. లేనిచో పంపకముల నాడు అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కుదురు. బిడ్డ ఉద్యోగము పోయినచో, అనుమతి గడువు తీరినచో ఆ ఇంటి గతి యేమో కొనకమునుపే యోచింపవలెను.

తాము కాపురముండు ఇంటిని మాత్రము పెద్దలు అమ్మరాదు. పరదేశపు అనుమతి నేడుండును, రేపు పోవును. అచ్చట బిడ్డ ఇల్లున్నంత మాత్రమున తల్లిదండ్రులకు నివాసపు హక్కు కలుగదు. పేటలోని పాత ఇల్లు పోయినచో, తెలుగు మాటాడు పొరుగు పోవును, గుడి పోవును, సంఘ మందిరమునకు వచ్చు చేయి ఒకటి తగ్గును. భాషాల్పసంఖ్యాకులమగు మనకు ఒక్కొక్క ఇల్లును లెక్కకు వచ్చునదే.

మన సంఘములలో పన్ను లెక్కలు తెలిసినవారును, న్యాయవాదులును ఉన్నారు. నెల కొక పూట వారు సంఘ మందిరమున కూర్చుండి, ఇట్టి కుటుంబముల పత్రములు చూచి సలహా చెప్పుట గొప్ప సేవ కాగలదు. మనవారు దళారి రంగుల బొమ్మలు చూపకమునుపే వారియొద్దకు పోవుదురు గాక.