మెదక్ చర్చికి టికెట్ ఎంత?

క్రిస్మస్ దగ్గర పడితే హైటెక్ సిటీ ఆఫీసుల్లో మనం అడిగేవి రెండే ప్రశ్నలు. మెదక్ చర్చికి టికెట్ ఎంత? చూడడానికి ఎంతసేపు పడుతుంది? టికెట్ లేదు. రెండోదానికే జవాబు కష్టం. కరువుకాలంలో ఆకలిగొన్నవారికి పని ఇచ్చి, అన్నం పెట్టి చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కట్టించిన మందిరమది. 1914లో పనులు మొదలైతే ప్రతిష్ఠ 1924 డిసెంబర్ 25న జరిగింది. మనమేమో సుమారు 100 కిలోమీటర్లు కారులో వెళ్లి, అరగంటలో ఫొటోలు దిగి, హోటల్ వెదుక్కుంటాం. రంగుటద్దాల కిటికీల్లో ప్రభువు జననం, సిలువ, ఆరోహణం పగటి వెలుగులోనే కనబడతాయి. పండుగనాటి తోపులాటలో అవి చూసే తీరిక ఎవరికి? మామూలు ఆదివారం తెల్లవారుజామునే బయలుదేరి, ఆరాధనలో ఊరివారి పక్కన కూర్చుందాం. నాడు రాళ్లు మోసినవారి మునిమనుమలు వారిలో ఉండవచ్చు.