ఊరికే చూడ్డానికి 120 డాలర్లా?

మా ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే మొదటి ప్రశ్న "లాగ్స్ చూశావా?" అనే. చూడకుండా "సర్వర్ మార్చేద్దాం" అన్నవాణ్ణి మీటింగులో ఉతికి ఆరేస్తాం. అలాంటి నేను, మొన్న జనవరిలో మెకానిక్ "హీటర్ కోర్ పోయినట్టుంది, మార్చాలి, పదకొండు వందల డాలర్లు" అంటే బుద్ధిగా తలూపి ఇంటికొచ్చాను.

బండి 2003 మోడల్ పికప్. ఊరు మినియాపొలిస్. అక్కడ సున్నాకి ఇరవై డిగ్రీల కిందికి దిగడం వింతేమీ కాదు. హీటర్ నీరసపడితే చలికి వణకడం ఒక్కటే కాదండోయ్, అద్దం మీద మంచు కరిగించేదీ ఆ వేడి గాలే. ఓ పొద్దున నా ఊపిరే అద్దం లోపలివైపు గడ్డకట్టింది. ఆగున్న స్కూల్ బస్సు ఎర్రలైట్లు చివరి క్షణంలో కనబడ్డాయి. ఎలా ఆపానో నాకే తెలీదు.

ఇక సలహాలు చూడండి. ఒకాయన రేడియేటర్ ముందు అట్టముక్క పెట్టమన్నాడు. ఖాళీ క్యాచ్ బ్లాక్ రాసి ఎర్రర్ పోయిందనుకోవడం లాంటిదే ఇది, ఎండ కాసిన రోజు ఇంజన్ ఉడుకుతుంది. ఇంకొకాయన స్టాప్ లీక్ డబ్బా పొయ్యమన్నాడు. అసలు లీకే లేదు మహాప్రభో! పైగా అది కోర్‌లోని సన్నటి గొట్టాల్లో పేరుకుంటే లేని రోగం తెచ్చుకున్నట్టే.

అసలు సంగతేంటంటే, ఈ హీటర్‌కి సొంత నిప్పు లేదు. ఇంజన్‌లో వేడెక్కిన కూలెంట్ ఒక గొట్టంలోంచి డాష్‌బోర్డు వెనకున్న బుల్లి రేడియేటర్‌లోకి వెళ్ళి రెండో గొట్టంలోంచి వెనక్కొస్తుంది. దాని మీదుగా ఫ్యాన్ గాలి కొడుతుంది, అంతే. ఇంజన్ బాగా వేడెక్కాక ఆ రెండు గొట్టాలూ చూస్తే సగం కథ తెలిసిపోతుంది. రెండూ వేడిగా ఉండి లోపల చల్లగాలి వస్తుంటే డాష్‌బోర్డు లోపల వేడిగాలినీ చల్లగాలినీ కలిపే తలుపు కదలట్లేదేమో చూడాలి. ఒకటి వేడి, ఒకటి గోరువెచ్చన అయితే కోర్ పూడుకుపోయిందని అనుమానించాలి. రెండూ గోరువెచ్చనైతే కూలెంట్ తగ్గిందా, గాలి చేరిందా, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందా? కూలెంట్ మట్టం మాత్రం ఇంజన్ చల్లారాకే చూడండి, వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుంది.

నావి రెండూ గోరువెచ్చనే. కూలెంట్ నిండుగా ఉంది. హైవే ఎక్కితే టెంపరేచర్ ముల్లు కిందికి జారిపోతోంది. మామూలుగా సుమారు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకోవాల్సిన థర్మోస్టాట్ ఎప్పుడూ తెరుచుకునే ఉంది! కొత్తది పదిహేను డాలర్లు, కాస్త కూలెంట్, ఒక శనివారం మధ్యాహ్నం, గడ్డకట్టిన వేళ్ళు. ఒలికిన కూలెంట్ మాత్రం వెంటనే తుడిచేశా. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, విషం అది. ఆ పదకొండు వందలూ పోసి డాష్‌బోర్డంతా ఊడదీయించుకున్నా వచ్చేది ఆ గోరువెచ్చటి గాలే.

"మెకానిక్‌లంతా దొంగలండీ" అనబోతున్నారు కదూ? ఆగండి. అతను ముందే చెప్పాడు, డయాగ్నసిస్‌కి 120 డాలర్లు అవుతుందని. "ఊరికే చూడ్డానికి 120 డాలర్లా? అక్కర్లేదు, నీ అనుభవంతో చెప్పు" అన్నది నేను. అతను అందాజుగా చెప్పాడు. నేనేమో రూట్ కాజ్ అనాలిసిస్ పేరుతో క్లయింటుకి వారాల తరబడి గంటలు బిల్లు వేస్తాను. ఒక్క లైను మార్చి రెండు వారాల బిల్లు పంపిన రోజులున్నాయి. "ఒక్క లైనుకేనా?" అని క్లయింటు అడిగితే మనకెంత పౌరుషం! బగ్ ఎక్కడుందో కనుక్కోవడమే అసలు పని అని లెక్చరిస్తాం. మెకానిక్ దగ్గరికొచ్చేసరికి మాత్రం కళ్ళకి కనబడే సామాను మారిస్తేనే పనిచేసినట్టు. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

ఇప్పుడు బ్రేకులు కీచుమంటున్నాయి. అతని దగ్గరికే వెళ్ళి, చూడ్డానికే 120 డాలర్లు ముందు కట్టొచ్చాను. రసీదు చూసి మా ఆవిడ "ఏమీ మార్చకుండానే ఇంతా?" అంది :-)